పని కరువైన రోజుల్లో వలస: ఒక సంవాదం

ఆయన: 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. రెండేళ్లలో 80 లక్షలకు పైగా ఉద్యోగాలు ఊడిపోయాయి. ఒక్క ఖాళీ కనిపిస్తే దానికోసం ఆరుగురికి పైగా ఎదురుచూస్తున్న రోజులవి. అలాంటప్పుడు ఏ ప్రభుత్వమైనా తన ప్రజలకు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఉన్నవాళ్లకే పని లేనప్పుడు బయటి నుంచి ఇంకొందరిని ఎందుకు రానివ్వాలి? ఇది వలసవాళ్ల మీద కోపంతో అడిగే ప్రశ్న కాదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీకి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. అడ్డాలో మనుషులు పెరిగి, పిలిచే మేస్త్రీలు తగ్గితే ఆ రోజు కూలి ఎంతకు దిగుతుందో అతనికి తెలుసు.

ఆమె: అడ్డా లెక్క ఆ ఒక్క పొద్దుకు సరిపోతుంది. దేశం మొత్తానికి సరిపోతుందా అన్నదే తేలాలి. పనులు ఇన్నే ఉంటాయని ఎవరూ ముందే రాసిపెట్టలేదు. వచ్చినవాడు పని చేస్తాడు, అద్దె కడతాడు, సరుకులు కొంటాడు. ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది. ఇదంతా పుస్తకాల్లో మాట అని మీరు కొట్టిపారేయొచ్చు కాబట్టి జరిగిన సంగతే చెబుతాను. మాంద్యంలో తలుపులు మూస్తే ఏమవుతుందో అమెరికా 1930లలోనే చేసి చూసింది.

1930 సెప్టెంబరులో అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం విదేశాల్లోని తన కాన్సల్ కార్యాలయాలకు ఆదేశాలు పంపింది. అమెరికాకు వచ్చాక ప్రభుత్వ సాయం మీద బతికే అవకాశం ఉందనిపిస్తే వీసా ఇవ్వొద్దన్న పాత నిబంధనను ఇకపై బిగించి అమలు చేయమంది. 1930లో 2,41,700 మంది వలస వచ్చిన దేశానికి 1933లో వచ్చినవాళ్లు 23,068 మంది. పదోవంతు కూడా లేరు. అంతటితో ఆగక, ఉన్నవాళ్లనూ పంపించడం మొదలుపెట్టారు. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లోని లా ప్లసీటా పార్కును అధికారులు చుట్టుముట్టి వందల మందిని కదలనివ్వకుండా కాగితాలు అడిగారు. బెదిరించి కొందరిని, రైలు టికెట్లు చేతిలో పెట్టి కొందరిని, సాయం ఆపేస్తామని చెప్పి కొందరిని మెక్సికోకు తరలించారు. ఆ దశాబ్దంలో అలా వెళ్లినవాళ్లు 4 లక్షల నుంచి 10 లక్షల దాకా ఉంటారని అంచనాలు. వాళ్లలో చాలామంది అమెరికాలోనే పుట్టిన పౌరులు.

ఇంత చేశాక స్థానికులకు పని దొరికిందా? జొవాన్ని పెరీ, ఆయనతో పాటు ఇద్దరు ఆర్థికవేత్తలు 1930, 1940 జనాభా లెక్కలను దగ్గర పెట్టుకుని నగరాల వారీగా ఈ ప్రశ్నే వేశారు. మెక్సికన్లను ఎక్కువగా పంపేసిన నగరాల్లో స్థానికుల ఉపాధి పెరిగిన జాడ వాళ్లకు కనిపించలేదు. కొంత తగ్గింది కూడా. పొలంలో కాయ కోసేవాడు వెళ్లిపోతే ఆ కాయను లెక్క రాసే గుమాస్తాకు, పెట్టెల్లో సర్దించే మేస్త్రీకి, ఆ కూలీ ఇంటికి సరుకు అమ్మిన కొట్టువాడికి కూడా పని తగ్గింది.

ఆయన: ఆ తరలింపు నేరమే. కాలిఫోర్నియా రాష్ట్రమే 2005లో చట్టం చేసి క్షమాపణ చెప్పుకుంది. దాన్ని సమర్థించే పని నాకు లేదు. కానీ అది రుజువు చేసింది ఒక్కటే. ఇరవై ఏళ్లుగా వేళ్లూనుకున్న కుటుంబాలను పెకలిస్తే ఊరి ఆర్థిక వ్యవస్థకే దెబ్బ తగులుతుందని. నేనడిగేది ఉన్నవాళ్ల గురించి కాదు, రాబోయేవాళ్ల గురించి. అప్పుడే దిగినవాడు సంపాదనలో పెద్దభాగం ఊరికి పంపుతాడు. అప్పు తీర్చాలి కాబట్టి ఏ కూలికైనా ఒప్పుకుంటాడు. స్థిరపడినవాడిని తీసేయడం, కొత్తవాడిని కొన్నాళ్లు ఆగమనడం ఒకటి కావు.

ఆమె: అయితే కొత్తగా దిగినవాళ్ల లెక్కే చూద్దాం. 1980 ఏప్రిల్‌లో క్యూబా అధినేత ఫిడెల్ కాస్ట్రో మరియెల్ రేవును తెరిచాడు. అక్టోబరు లోపల దాదాపు 1,25,000 మంది క్యూబన్లు పడవల్లో ఫ్లోరిడా చేరారు. వాళ్లలో ఎక్కువమంది మయామీలోనే ఉండిపోవడంతో ఆ నగరంలో పనిచేసేవాళ్ల సంఖ్య నెలల్లోనే 7 శాతం పెరిగింది. అప్పుడు దేశంలో పరిస్థితేమిటి? 1980 మొదట్లో ఒక మాంద్యం, 1981 మధ్యలో ఇంకొకటి. మీ వాదన నిజమైతే అది కనిపించాల్సిన చోటు మయామీ, కనిపించాల్సిన కాలం అదే. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో ఆ లెక్కలు తీసి, మయామీని అలాంటి ఇతర నగరాలతో పోల్చారు. జీతాల్లోగానీ నిరుద్యోగంలోగానీ మరియెల్ వల్ల వచ్చిన తేడా ఏదీ ఆయనకు దొరకలేదు. శ్రామిక ఆర్థికశాస్త్రంలో ఆయన చేసిన పరిశోధనలకు 2021లో నోబెల్ వచ్చింది.

ఆయన: కార్డ్ చూసింది విశాలమైన సగటును. వచ్చిన క్యూబన్లలో సగానికి పైగా హైస్కూలు చదువు కూడా పూర్తిచేయనివాళ్లు. వాళ్లు పోటీపడేది డాక్టర్లతోనో బ్యాంకు ఉద్యోగులతోనో కాదు. హోటల్లో అంట్లు తోమేవాడితో, కట్టడాల దగ్గర ఇటుకలు మోసేవాడితో. ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అదే సమాచారాన్ని మళ్లీ తీసి, హైస్కూలు పూర్తిచేయని, లాటినో కాని మగవాళ్లను మాత్రమే విడదీసి చూశారు. వాళ్ల జీతాలు 10 నుంచి 30 శాతం దాకా పడిపోయినట్టు తేలింది. సగటున ఏమీ జరగలేదు నిజమే. కానీ సగటు మనిషి ఎవరింట్లోనూ ఉండడు.

ఆమె: ఆ విడదీతలోనే చిక్కుంది. అంతగా కుదించాక బోర్హాస్ చేతిలో మిగిలింది ఏడాదికి కొద్దిమంది మాత్రమే. పైగా సరిగ్గా ఆ ఏళ్లలోనే సర్వే పద్ధతి మారి, అంతకుముందు లెక్కకు అందని నల్లజాతి పురుషులు ఎక్కువగా అందులో చేరారని మైకేల్ క్లెమెన్స్, జెనిఫర్ హంట్ చూపించారు. మయామీలో వాళ్లకు అప్పటికే తక్కువ జీతాలు. తక్కువ జీతంవాళ్లు నమూనాలో పెరిగితే సగటు పడిపోతుంది. ఎవరి జీతమూ తగ్గనక్కర్లేదు.

మయామీ మీద ఈ తగువు నలభై ఏళ్ల తర్వాత కూడా తెగలేదు. బోర్హాస్ హవానాలో పుట్టి 1962లో అమెరికాకు వచ్చిన క్యూబన్ పిల్లవాడు, కార్డ్ కెనడావాడు. ఇద్దరూ వలస వచ్చినవాళ్లే, ఇద్దరూ ఒకే సర్వే పట్టికలు చదివినవాళ్లే. తేడా వచ్చింది ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గర. ఈ సంవాదంలో ముందు వచ్చే ప్రతి మలుపులోనూ ఆ తేడాయే కనిపిస్తుంది.

ఆయన: సరే, బోర్హాస్ అంకెలు పక్కన పెడదాం. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో ఈ పరిశోధనలన్నీ వడపోసి ఒక పెద్ద నివేదిక ఇచ్చాయి. దీర్ఘకాలంలో మొత్తం జీతాల మీద వలస ప్రభావం చాలా తక్కువని అందులో ఉంది. మీరు ఆ వాక్యం దగ్గర ఆగుతారు. దాని పక్కనే ఇంకో మాట ఉంది. దెబ్బ తగిలితే అది ముందుగా తగిలేది అంతకుముందు వలస వచ్చినవాళ్లకు, ఆ తర్వాత హైస్కూలు పూర్తిచేయని స్థానికులకు. అంటే నిన్న వచ్చిన మెక్సికన్ కూలి రేటును ఇవాళ వచ్చే మెక్సికన్ తగ్గిస్తాడు. మంచిరోజుల్లో ఆ దెబ్బ కొత్త పనుల పెరుగుదలలో కలిసిపోతుంది. మాంద్యంలో కలిసిపోవడానికి పెరుగుదలే ఉండదు.

ఆమె: ఈ మాట ఒప్పుకుంటాను. ఒప్పుకోకపోతే వాదన నిజాయితీగా ఉండదు. వలస వల్ల దేశానికి లాభమని చెప్పేవాళ్లు ఆ లాభం ఎవరి జేబులో పడిందో, నష్టం ఎవరి వంటగదిలో కనిపించిందో చెప్పకుండా దాటేస్తారు. నష్టపోయినవాడికి దేశం పరిహారం ఇచ్చిందా అంటే లేదు. కానీ మాంద్యంలో ఏం జరుగుతుందన్న దానికి 2008 సంక్షోభం ఇచ్చిన జవాబు మీరనుకున్నట్టు లేదు.

ఆ సంక్షోభంలో ఇళ్ల నిర్మాణం ఆగిపోయిన నగరాల నుంచి మెక్సికోలో పుట్టిన, తక్కువ చదువున్న మగవాళ్లు పని ఉన్న చోట్లకు కదిలిపోయారు. అదే చదువున్న అమెరికన్లు అంతగా కదల్లేకపోయారు. సొంత ఇల్లు, బంధువులు, అలవాటైన ఊరు పట్టి ఉంచాయి. బ్రయన్ కడేనా, బ్రయన్ కోవాక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని పర్యవసానం చూశారు. మెక్సికన్ కార్మికులు ఎక్కువగా ఉన్న నగరాల్లో మాంద్యం దెబ్బ స్థానికులకు తక్కువగా తగిలింది. ఎందుకంటే అక్కడ పని తగ్గగానే ముందుగా మూట కట్టుకుని వెళ్లినవాడు వలసకూలీ. 2005 నుంచి 2010 మధ్య మెక్సికో నుంచి అమెరికాకు వచ్చినవాళ్లూ తిరిగి వెళ్లినవాళ్లూ దాదాపు సమానమయ్యారు.

వీసాల్లోనూ అంతే. 2007 ఏప్రిల్‌లో నైపుణ్య ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసా దరఖాస్తులు తెరిచిన తొలిరోజే కోటాకు మించి వచ్చాయి. సంక్షోభం ముదిరాక 2009లో అదే కోటా నిండటానికి డిసెంబరు 21 దాకా పట్టింది. మరుసటి ఏడాది కోటా 2011 జనవరి 26కు గానీ నిండలేదు. పని లేనిచోటికి జనం ఎగబడి రారు.

ఆయన: మీరే నా పని తేలిక చేశారు. మాంద్యంలో వచ్చేవాళ్లు తమంతట తామే తగ్గిపోతారంటే, ఆ రోజుల్లో ఆపడం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదన్నమాట. ఇక మిగిలింది, అప్పుడు కూడా ఎవరు పిలిపిస్తారు, ఎందుకు పిలిపిస్తారు అన్న ప్రశ్న. కోటా ఆలస్యంగా అయినా నిండింది కదా. నిరుద్యోగం 9 శాతం మీద ఉన్నప్పుడు, దేశంలోనే ప్రోగ్రామర్లు ఇళ్లల్లో కూర్చుని ఉన్నప్పుడు, బయటి నుంచి మనిషిని తెప్పించుకునే కంపెనీ ఏం కోరుకుంటోంది? నైపుణ్యం కొందరి విషయంలో నిజమే కావచ్చు. మిగతావాళ్ల విషయంలో అది చవక, అంతకన్నా ముఖ్యంగా అణకువ.

2001 గుర్తు చేసుకోండి. వై2కే పని అయిపోయింది, డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి. హెచ్-1బీ పరిమితి మాత్రం అప్పుడు ఏడాదికి 1,95,000. జాన్ బౌండ్, గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ ఆ కాలాన్ని లెక్కగట్టారు. 1990ల నుంచి వలస అంతగా జరగకపోయి ఉంటే 2001 నాటికి అమెరికన్ కంప్యూటర్ నిపుణుల జీతాలు 2.6 నుంచి 5.1 శాతం ఎక్కువగా, ఆ రంగంలో వాళ్ల సంఖ్య 6 నుంచి 11 శాతం దాకా ఎక్కువగా ఉండేవని వాళ్ల అంచనా. చిన్న సంఖ్యలు కావవి. 2014లో ఓర్లాండోలోని డిస్నీ సంస్థ దాదాపు 250 మంది ఐటీ ఉద్యోగులను తీసేయబోతున్నట్టు చెప్పి, వెళ్లేముందు తమ స్థానంలో వచ్చేవాళ్లకు పని నేర్పమంది. పని నేర్పాల్సి వచ్చిందంటే, వచ్చినవాళ్లు స్థానికంగా దొరకని నైపుణ్యం తెచ్చారనే మాట నిలబడదు.

ఆమె: ఆ 250 మందికి జరిగింది అన్యాయం. చట్టంలోని సందును వాడుకుని చేసిన అన్యాయం. దానికి అడ్డుపడే నిబంధన పెడితే నేనూ చేయెత్తుతాను. అయితే మీరు చెప్పిన ముగ్గురి పరిశోధనలోనే మిగతా సగం ఉంది. సాఫ్ట్‌వేర్ చవకై వినియోగదారులు లాభపడ్డారు, కంపెనీల లాభాలు పెరిగాయి, కంప్యూటర్లతో కలిసి పనిచేసే ఇతర ఉద్యోగులకు మేలు జరిగింది. ఇక 1,95,000 పరిమితి మాట. 2001లో దాని కింద 1,63,600 వీసాలు మంజూరయ్యాయి. పతనం తర్వాత, 2002లో, అదే పరిమితి ఉండగా 79,100కు పడిపోయాయి. సగానికి సగం.

2004లో పరిమితిని మళ్లీ 65,000కు దించారు. అప్పుడేమైంది? బ్రిటా గ్లెనన్ అనే పరిశోధకురాలు బహుళజాతి కంపెనీల లెక్కలు చూసి చెప్పారు. వీసాలు దొరకని కంపెనీలు ఆ పనిని విదేశాల్లోని తమ శాఖలకు, ముఖ్యంగా భారత్, చైనా, కెనడాలకు తరలించాయి. తలుపు మూస్తే మనిషి ఆగాడు, పని ఆగలేదు. అమెరికా వెళ్లాల్సిన ఇంజనీరు గచ్చిబౌలిలో కూర్చున్నాడు, అతని డెస్కు కూడా ఇక్కడికే వచ్చింది. అతను అమెరికా వెళ్లి ఉంటే కట్టే అద్దె, పన్ను, అతని పిల్లల బడి ఫీజు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఖర్చయ్యేవి.

ఆయన: కట్టడం పని గచ్చిబౌలికి తరలించలేరు. స్ట్రాబెర్రీ తోటను తరలించలేరు. ముసలివాళ్లకు సేవచేసే పని తరలించలేరు. కిందిస్థాయి పనుల్లో మీ వాదన నిలవదు. అక్కడ కూలీ దొరక్కపోతే యజమానికి ఉన్న దారి ఒక్కటే, రేటు పెంచడం. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో పథకం కింద మెక్సికో నుంచి కాంట్రాక్టు కూలీలను తెచ్చారు. అది ఉన్నంతకాలం కాలిఫోర్నియా తోటల్లో సంఘం పెట్టడం దాదాపు అసాధ్యమైంది. సమ్మె చేస్తే కొత్త కూలీలు దిగేవారు. 1964 చివర ఆ పథకం ఆగింది. 1965 సెప్టెంబరులో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిపినో కూలీలు సమ్మెకు దిగారు, సీజర్ చావెజ్ సంఘం వాళ్లతో చేరింది. ఐదేళ్ల పోరాటం తర్వాత 1970లో తోటల యజమానులు ఒప్పందాలపై సంతకాలు పెట్టారు. సమ్మెలను విరగ్గొట్టడానికి సరిహద్దు దాటించి తెచ్చే కూలీలను చావెజ్ బాహాటంగా వ్యతిరేకించాడు. ఆయన మెక్సికన్ కుటుంబంలో పుట్టినవాడే. ఆయనను వలస ద్వేషి అని ఎవరంటారు?

ఈ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. వలసకు అనుకూలంగా రాసేవాళ్లు డెలానోను చాలాసార్లు దాటేస్తారు. ఆయన పక్షానికి ఇంతకు మించిన బలం లేదు. ఇక్కడ జీతం పట్టికల సంగతి లేదు, పదిమంది కలిసి నిలబడి కాదనగలిగే శక్తి సంగతి ఉంది.

ఆమె: చావెజ్ మాటను కాదనను. బ్రసేరో పథకం ఆగకపోతే డెలానో సాధ్యమయ్యేది కాదేమో. కానీ పథకం ఆగడం వల్లనే కూలీ రేట్లు పెరిగాయా అంటే, క్లెమెన్స్, ఎథన్ లూయిస్, హన్నా పోస్టెల్ 2018లో ఆ ప్రశ్నకు జవాబు వెతికారు. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ పొలం కూలీ రేట్లు దాదాపు ఒకేలా సాగాయి. ఐదు లక్షల మంది కూలీలను ఆపితే స్థానికుల రేటు పెరగలేదు. యజమానులు రేటు పెంచడం కన్నా యంత్రాలు కొనడం మేలనుకున్నారు. టమాటా కోసే యంత్రం అప్పటికే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారై ఉంది. కొద్ది ఏళ్లలోనే ఆ రాష్ట్రంలో ప్రాసెసింగ్ టమాటా దాదాపు అంతా యంత్రాలతోనే కోయడం మొదలైంది. యంత్రం రాని పంటలను కొందరు వేయడమే మానుకున్నారు.

మన దగ్గరా చూశాం కదా. లాక్‌డౌన్‌లో, 2020 మే 1న, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు 1,200 మంది వలస కూలీలతో బయలుదేరింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు రెండు వందలకు పైగా హమాలీలతో ఇదే లింగంపల్లిలో దిగింది. యాసంగి ధాన్యం కొనుగోళ్లు నడుస్తున్నాయి, రైస్ మిల్లుల్లో బస్తాలు ఎత్తేవాళ్లు లేరు. లాక్‌డౌన్‌లో తెలంగాణలో పనిలేనివాళ్లకు కొదవ లేదు. అయినా ఆ పనికి ఖగడియా నుంచి మనుషులు రావాల్సి వచ్చింది.

ఆయన: రైలు వేయించారు కాబట్టి వచ్చారు. అదే ఏడాది పంజాబ్‌లో ఏం జరిగిందో కూడా చెప్పండి. బీహారీ కూలీలు రాక, నాట్ల సమయానికి స్థానిక కూలీలు ఎకరానికి ఎక్కువ రేటు అడిగారు. కొన్ని గ్రామ పంచాయతీలు ఇంతకు మించి ఇవ్వకూడదని తీర్మానాలు చేశాయి. కూలీ రేటు పెరగకుండా తీర్మానం చేయాల్సి వచ్చిందంటే, పెరగబోతోందనే కదా? అక్కడి దళిత కూలీలకు ఎన్నో ఏళ్ల తర్వాత బేరం చేసే అవకాశం చేతికొచ్చింది. మీ యంత్రాల కథ దీర్ఘకాలంలో నిజం కావచ్చు. నాట్ల నెలలో మాత్రం మనిషి కొరత మనిషికి విలువ పెంచింది.

ఆమె: పెంచింది. పనికి రాలేక ఆ రేటుకు కారణమైన బీహారీ కూలీ ఆ నెల ఊళ్లో పస్తున్నాడని కూడా రాసుకోవాలి.

ఆయన: రాసుకుందాం. కానీ పంజాబ్ కూలీకి జవాబు చెప్పాల్సింది పంజాబ్ పంచాయతీ. అమెరికా కూలీకి అమెరికా ప్రభుత్వం. 2020లో నిరుద్యోగం 14 శాతం దాటాక ట్రంప్ ప్రభుత్వం జూన్ 22న హెచ్-1బీ, హెచ్-2బీ, ఎల్, జె వీసాలు ఆపింది. ఆ ఆలోచనలో తప్పేముంది?

ఆమె: అదే ఉత్తర్వు వ్యవసాయ కూలీల హెచ్-2ఏ వీసా జోలికి పోలేదు. ఆ ఏడాది హెచ్-2ఏ వీసాలు రెండు లక్షలు దాటాయి, అంతకుముందు ఏడాది కన్నా ఎక్కువ. పని పోయిన అమెరికన్ అత్యధికంగా పోటీపడే అవకాశం ఉన్నది ఆ కిందిస్థాయి పనులకే అయితే, వాటినే ఎందుకు వదిలారు? వాళ్లు రాకపోతే పంట చేలోనే కుళ్లిపోతుందని ప్రభుత్వానికి తెలుసు. పైగా హెచ్-2ఏ కూలీ యజమానిని వదిలి తేలిగ్గా వేరేచోటికి వెళ్లలేడు. మనం ఇంతసేపు ఎంతమంది అని మాట్లాడుకున్నాం. ఏ షరతు మీద వచ్చారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఆయన: అక్కడ మనకు పేచీ లేదు. అణకువ అని నేనన్నది దాన్నే. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్త యజమానిని వెతుక్కోవాలి, లేకపోతే దేశం విడవాలి. గ్రీన్‌కార్డు వరుసలో భారతీయుడు ఏళ్ల తరబడి నిలబడి ఉంటాడు, ఎందుకంటే ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు. అలాంటివాడు జీతం పెంచమని అడగగలడా? ఆదివారం పని చేయనని అనగలడా? కన్సల్టెన్సీలో బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టినా నోరు విప్పగలడా? మాంద్యంలో అతని భయం రెట్టింపవుతుంది. పక్క సీట్లోని అమెరికన్ బేరం కూడా ఆ భయంతోనే తగ్గుతుంది. గల్ఫ్‌లో కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) చేతిలో పాస్‌పోర్టు పెట్టి బతికే జగిత్యాల మనిషికి ఇది ఇంకా బాగా తెలుసు.

ఆమె: తెలుసు కాబట్టే దానికి మందు కూడా గల్ఫ్‌లోనే దొరికింది. 2011 జనవరిలో యూఏఈ ఒక నిబంధన మార్చింది. కాంట్రాక్టు ముగిసినవాడు పాత యజమాని అనుమతి పత్రం (ఎన్‌వోసీ) లేకుండా వేరే కంపెనీలో చేరొచ్చంది. దుబాయ్ సంక్షోభం తాలూకు దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ ఆ మార్పు ముందు వెనకల జీతాలు పోల్చారు. కాంట్రాక్టు ముగిసినవాళ్ల సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది. చాలామంది కంపెనీ మారను కూడా లేదు. మారగలడన్న భయం యజమానికి కలిగితే చాలింది.

ఆయన: ఆ పరిశోధన చివరిదాకా చదవండి. ఉన్నవాళ్ల జీతం పెరిగిన తర్వాత కంపెనీలు కొత్తవాళ్లను పిలిపించుకోవడం తగ్గించాయి, కొత్తవాళ్ల జీతాలూ తగ్గాయి. అంటే స్వేచ్ఛ ఇస్తే రాక తగ్గింది. అందుకే నేనంటాను, మాంద్యంలో ముందు కొత్త రాకలు ఆపండి, ఆ లోపు ఉన్నవాళ్లను యజమాని ముడి నుంచి విడిపించండి. ముడివేసిన మనుషులను ఇంకా ఇంకా తెచ్చి, తర్వాత ఎప్పుడో విడిపిస్తామంటే ఆ రోజు రాదు.

ఆమె: ముందు ఆపండి, తర్వాత విడిపించండి అన్న చోటల్లా మొదటిదే జరిగింది. 1973 నవంబరు 23న, చమురు సంక్షోభం మొదట్లో, పశ్చిమ జర్మనీ విదేశీ కార్మికుల నియామకాలు ఆపేసింది. అప్పటికి అక్కడ 26 లక్షల మంది విదేశీ కార్మికులు ఉన్నారు. వాళ్లు వెళ్లిపోతారనుకుంది. వెళ్తే మళ్లీ రానివ్వరని వాళ్లకు అర్థమైంది. ఉండిపోయి భార్యాపిల్లలను రప్పించుకున్నారు. దాదాపు 40 లక్షలున్న విదేశీయుల జనాభా 1980 నాటికి 44 లక్షలు దాటింది. తలుపు తెరిచి ఉంటే వెళ్లి, పని ఉన్నప్పుడు తిరిగొచ్చే మనిషి, మూస్తే లోపలే ఉండిపోతాడు. మెక్సికన్లు 2008లో కదిలినట్టు కదలాలంటే కదిలే హక్కు ఉండాలి.

ఇక మనల్ని పంపే ప్రభుత్వం సంగతి. 2020 సెప్టెంబరులో, గల్ఫ్‌లో పనులు తగ్గిన సమయంలో, భారత ప్రభుత్వం అక్కడికి వెళ్లే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు చేజారకూడదన్న ఉద్దేశంతోనే చేసింది. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవాళ్లు హైకోర్టుకు వెళ్లారు. 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. మాంద్యంలో జీతం తగ్గించింది అక్కడికి వెళ్లిన కార్మికుడు కాదు. అతని పేరు మీద ఇక్కడ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు.

ఆయన: ఆ సంతకానికి బలం ఎక్కడిది? ఆ రేటుకు కూడా వెళ్లేవాళ్లు వరుసలో ఉన్నారన్న ధీమాయే కదా. వరుస పొడవు తగ్గకుండా రేటు నిలబడదు.

ఆమె: వరుసలో నిలబడినవాడికి ఇంకో కిటికీ కూడా చూపిస్తే నిలబడుతుంది.

వీళ్లిద్దరూ కలిసిన చోటు ఒకటుంది. యజమానికి కట్టేసిన కార్మికుడు మాంద్యంలో తానూ నష్టపోతాడు, పక్కవాడినీ నష్టపరుస్తాడు. రాకలు ఆపడం ముందా, కట్లు విప్పడం ముందా అన్న దగ్గరే విడిపోయారు. ఈ రెండింటిలో మొదటిది రాజకీయంగా తేలిక, అందుకే దాన్ని పదేపదే చేస్తున్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధించింది. అప్పటికే అక్కడ పనిచేస్తూ ఉద్యోగం పోగొట్టుకున్న హెచ్-1బీ ఉద్యోగికి కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఇచ్చే గడువును మాత్రం ఆ ఉత్తర్వు ముట్టుకోలేదు. 2017లో ఆ నిబంధన వచ్చినప్పుడు ఆ గడువు 60 రోజులు. ఇప్పుడూ అంతే.